సరిచూసిన తేదీ

"బీరకాయ తొక్కలేవీ?" అంది రాజులమ్మ, వంటగట్టు మీద పళ్ళేలు ఒక్కొక్కటే ఎత్తి చూస్తూ.

దేవిక మూకుట్లో కూర కలుపుతోంది. "పారేశానత్తయ్యా. ముదురు కాయలు. తొక్కంతా పీచే."

"పారేసీసినావా? నిన్న సెప్పినాను కదా ఉంచమని. పచ్చడి సేస్తాననీ."

"చెప్పారు. లేతగా ఉంటే ఉంచేదాన్నే."

"ముదురో లేతో నాను సూసుకోనా? నువ్వొక్కద్దానివే సూసీసి, నువ్వొక్కద్దానివే పారేసీడమేటి?"

ముందు గదిలో సూరి బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నాడు. "అమ్మా, ఈ వారం ఒక్కటీ ఓపిక పట్టు. వచ్చే సోమవారం నుంచి నీ కోడలికి హైటెక్ సిటీలో కొత్త ఉద్యోగం. అక్కడి బీరకాయలకి అసలు తొక్కలే ఉండవు" అన్నాడు.

"నువ్వూరుకోరా. తినీవోడివీ నువ్వే, ఏలాకోలం ఆడీవోడివీ నువ్వే."

రాజులమ్మ వంగి చెత్తబుట్ట మూత తీసింది. తొక్కలు పైకే కనబడుతున్నాయి గానీ వాటి మీద టీ పిప్పి పడి ఉంది. కాసేపు అలాగే చూసి మూత పెట్టేసింది. దేవిక బయల్దేరే ముందు కేరేజీలో పెరుగు గిన్నె మూత తనే తీసి, ఇంకో గరిటె వేసి, బిగించి పెట్టింది.

చెప్పులు వేసుకుంటుంటే సూరి గుమ్మం దాకా వచ్చాడు. "లెటర్ సంగతి హరికిషన్ గారికి మళ్ళీ చెప్పు. లెటర్‌హెడ్ మీద, సంతకంతో, ఒరిజినల్. మూడేళ్ళు బాగా పనిచేసిందని ఆయన రాసివ్వకపోతే అక్కడ చేర్చుకోరు."

"శుక్రవారం ఇస్తానన్నారు."

"శుక్రవారం అంటే శుక్రవారమే. అమ్మ అనకాపల్లిలో లోవలక్ష్మి పిన్ని దాకా అందరికీ చెప్పేసింది."

అల్వాల్ నుంచి బస్సు ఆ వేళ నిండుగా ఉంది. ఆషాఢం కదా, లాల్‌బజార్ దగ్గర గుడి ముందు బోనాలకి పందిరి వేస్తున్నారు. బస్సు అక్కడ పది నిమిషాలు ఆగిపోయింది. దేవిక కడ్డీ పట్టుకుని నిలబడి, ఇంకా ఐదు రోజులు ఈ బస్సు అనుకుంది. ఆ మాట సంతోషంగా అనిపించలేదు, దిగులుగానూ అనిపించలేదు.

ఆఫీసు కార్ఖానా అనే పేటలో ఒక టైలరింగ్ షాపు మీద రెండు గదులు. ఐదు కంప్యూటర్లు, ఇరవైమూడు వెబ్‌సైట్లు. స్కూళ్ళవి, ఫంక్షన్ హాళ్ళవి, ఒక విత్తనాల కంపెనీది, రెండు ట్రస్టులవి. కొత్తవి తయారుచేసే పని మగపిల్లలది. తయారైపోయినవాటిని చూసుకునే పని దేవికది, ఆమె కింద సలోమిది. ఫీజులు మారితే మార్చడం, ప్రిన్సిపాల్ మారితే ఫోటో మార్చడం, అయిపోయిన వార్షికోత్సవం పిలుపు తీసెయ్యడం. మూడునెలలకోసారి ప్రతి పేజీ తెరిచి, అందులో రాసిందంతా ఇంకా నిజమేనా అని ఆ సంస్థవాళ్ళని అడగాలి. నిజమైతే అడుగున 'చివరిగా సరిచూసిన తేదీ' మార్చాలి. కాకపోతే పేజీని దించెయ్యాలి. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగినప్పుడు దేవిక ఇదంతా చెబితే, "అంతేనా?" అనేవారు. అందుకని చెప్పడం మానేసింది.

మెట్లెక్కి లోపలికి వెళ్ళేసరికి ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, ఒళ్ళో రగ్జిన్ సంచి. పక్కన నేల మీద ఐదేళ్ళ పిల్ల. సలోమి ఆయనకి మంచినీళ్ళిచ్చి దేవిక కోసం చూస్తోంది.

"అక్కా, ఈయన మెదక్ సైడ్ నుంచి వచ్చిండు. బొల్లారంలో ట్రస్టుకి పోతే మన దగ్గరికి పంపిండ్రంట."

ఆయన లేచి నిలబడ్డాడు. పేరు పర్వతాలు అని చెప్పాడు. సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి జాగ్రత్తగా విప్పాడు. శ్రవణధార ట్రస్టు పేజీ అది, ప్రింటు తీసింది. ఆరేళ్ళలోపు పిల్లలకు వినికిడి పరీక్ష, చెవి మిషను ఉచితం, ప్రతి నెలా మొదటి శనివారం, బొల్లారం.

"మా దగ్గర నెట్ సెంటర్ల తీయించిన. శనివారం పొద్దుగాల్నే వస్తే గేటు కాడ లేదు పొమ్మన్నరు. మూడేండ్ల కిందనే బందయిందట. గట్లెట్ల అయితదని ఇయ్యాల మల్ల వచ్చిన. ఇగో, గీడ కింద మీ అడ్రస్ ఉన్నది, పోయి ఆళ్ళనే అడుగు అన్నరు."

అడుగున సన్నని అక్షరాల్లో, ఈ సైటును చూసుకునేవారు ఫలానా అని వాళ్ళ కంపెనీ పేరు, కార్ఖానా అడ్రసు. దానిపైన తేదీ.

"పాత పేజీ అయ్యుంటుంది" అంది దేవిక.

"పాతదైతే పాతదే అనుకుందుమమ్మా. నాకు ఇంగ్లీషు రాదు గని అంకెలు చదవొస్తది." ఆయన వేలు తేదీ కింద పెట్టాడు. "రెండు, ఆరు, రెండువేల ఆరు. మొన్నటిదే కద. గది చూసే వచ్చిన. అదే దినం మా మండలంల సర్కారోళ్ళు చెవుల క్యాంపు పెట్టిండ్రు. అందరు అటు పోయిండ్రు. నేను పట్నంల అయితే మంచిగ చూస్తరని ఆ క్యాంపు ఇడిచిపెట్టి ఇటొచ్చిన."

ఆయన గొంతు పెంచలేదు. పెంచితే దేవికకి ఏదో ఒకటి జవాబు దొరికేది.

కింద కుట్టుమిషన్లు మొదలయ్యాయి. నేల సన్నగా అదురుతుంది, అలవాటైనవాళ్ళకి తెలియదు. కూర్చున్న పిల్ల చప్పున అరచెయ్యి నేలకి ఆనించింది. మిషను ఆగితే చెయ్యి తీస్తుంది, మళ్ళీ మొదలైతే పెడుతుంది. తండ్రి వైపు చూసి నవ్వుతోంది.

"ఏం పేరు?" అంది దేవిక.

"మల్లీశ్వరి. చెప్పినా దానికి తెల్వదు, అది దాని పేరని."

హరికిషన్ పదిన్నరకి వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. పర్వతాలుని కూర్చోబెట్టి, టీ తెప్పించి, సంగతంతా విన్నాడు. ట్రస్టుకి ఫోను చేశాడు. వాళ్ళు మాట్లాడుతుంటే "హా సార్, హా సార్" అంటూ నుదురు రుద్దుకున్నాడు. జూన్ నుంచి ఇలా నలుగురు వచ్చారట. చైర్మన్ గారు మండిపడుతున్నారట.

"మీకు మస్తు తక్లీఫ్ అయింది, పెద్దమనిషి. తప్పు మా దిక్కుదే. నేను ట్రస్టోళ్ళతోని మాట్లాడి ఏమన్న అయితే కబురు చేస్త" అన్నాడు. ఏమీ కాదని గదిలో అందరికీ తెలుసు. పర్వతాలుకీ తెలిసినట్టే ఉంది. కాగితాన్ని మళ్ళీ అవే మడతల్లో మడిచాడు.

దేవిక మెట్ల దాకా వెళ్ళి ఆయన ఊళ్ళో కిరాణా షాపు ఫోను నంబరు రాసుకుంది. ఎందుకు రాసుకుందో అప్పుడు ఆమెకి తెలియదు. చెయ్యి ఊరికే ఉండలేక రాసుకున్నట్టుంది.

వాళ్ళు వెళ్ళిపోయాక హరికిషన్ కుర్చీ దేవిక కంప్యూటర్ దగ్గరికి లాక్కున్నాడు. "ఆ పేజీ ఎవరు చూసిండ్రు, తియ్యి."

ప్రతి సైటుకీ ఒక పట్టిక ఉంటుంది. పేజీ పేరు, సరిచూసిన తేదీ, చూసినవాళ్ళ పొడి అక్షరాలు. శ్రవణధార పట్టికలో నూటపన్నెండు వరసలు. డెబ్బైనాలుగో వరసలో ఈ పేజీ. తేదీ రెండు జూన్. దాని పక్కన ఎస్.ఎమ్.

సలోమి మేరీ.

"సలోమీ, ఇటు రామ్మా."

ఆ రెండో తారీఖు సాయంత్రం దేవికకి నిన్నటిలా గుర్తుంది. సలోమి వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉంటే పదిరోజులు సెలవు పెట్టింది. శ్రవణధార పేజీలన్నీ సలోమివి. శుక్రవారం సాయంత్రానికి పట్టిక పూర్తికావాలి. సలోమిది తాత్కాలిక ఉద్యోగం. దేవిక వెళ్ళిపోయాక ఆ కుర్చీ తనకిస్తానని హరికిషన్ అప్పటికే అని ఉన్నాడు. ఇప్పుడు ఆమె వరసలు ఖాళీగా కనబడితే బాగుండదని దేవిక అనుకుంది. పాత తేదీ ఏదున్నా సరే వెతుకు, కొత్త తేదీ పెట్టు, అన్ని పేజీల్లోనూ. ఒక్క మీట. 'నూటపన్నెండు చోట్ల మారింది' అని చిన్న పెట్టె వచ్చింది. పట్టికలో పేజీ పేర్లు తప్ప పాత కాలమ్‌లన్నీ చెరిపేసి, తేదీ నింపి, పై గడిలో ఎస్.ఎమ్. అని కొట్టి, మౌస్‌తో మూల పట్టుకుని కిందికి లాగింది. అక్షరాలు నూటపన్నెండు వరసల దాకా వాటంతటవే దిగిపోయాయి. ఒక్క పేజీ తెరవలేదు. ఎవరికీ ఫోను చెయ్యలేదు. బ్యాగు సర్దుకుని ఐదు నలభై బస్సు అందుకుంది. సలోమి తిరిగొచ్చాక, "నీది నేను పూర్తిచేశానులే" అంటే, "థాంక్స్ అక్కా" అని చెయ్యి పట్టుకుంది.

సలోమి వచ్చి తెర మీదికి వంగింది. డెబ్బైనాలుగో వరస చూసింది. తేదీ చూసింది. ఆ తేదీన తను ఎక్కడుందో ఆమెకి గుర్తుండకుండా ఉండదు. నెమ్మదిగా తల తిప్పి దేవిక వైపు చూసింది.

దేవిక మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచింది. నోరు తెరవాల్సిన క్షణం వచ్చిందని తెలుస్తోంది. అది ఎదురుగా నిలబడటమూ తెలుస్తోంది, పక్కనించి వెళ్ళిపోవడమూ తెలుస్తోంది.

"చూసుకోలే సార్" అంది సలోమి.

"చూసుకోకుంటె ఎట్లమ్మా? మన పనే చూసుడు కదా. ఆ నెలంత మీ అమ్మది పరేషానీ ఉండె, నాకు ఎరుకే. గని ట్రస్టోళ్ళకి ఏం చెప్పాలె నేను?"

అతను సలోమి సెలవు తేదీలు సరిపోల్చుకుంటే తెలిసిపోయేది. కానీ సెలవులు వేరే రిజిస్టరు, అది అతని భార్య దగ్గర ఉంటుంది. ఆ రిజిస్టరు తెప్పించాలని అతనికి తోచలేదు. తోచకూడదని దేవిక లోపల కోరుకుంది. కోరుకుంటున్నానని కూడా గమనించింది.

మంగళవారం ఇద్దరూ ఎప్పట్లాగే డాబా మెట్ల మీద కూర్చుని కేరేజీలు విప్పుకున్నారు. దేవిక బీన్స్ కూర సగం సలోమికి పెట్టింది, సలోమి గుడ్డు కూర రసం దేవికకి ఇచ్చింది. రోజూ చేసేదే. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి.

"నువ్వు ఎందుకు అలా అన్నావు?" అంది దేవిక చివరికి.

"ఎట్ల?"

"చూసుకోలేదని."

సలోమి ముద్ద కలుపుతూ, "నీ లెటర్ శుక్రవారం కదక్కా" అంది. "ఇప్పుడు నువ్వు చేసినవని తెలిస్తే సార్ రాస్తడా? నువ్వు నా కోసం చేసినవ్, నాకెరుకే. శుక్రవారం దాకా ఆగు. నువ్వు లెటర్ తీస్కొని పో. తర్వాత నా లీవ్ డేట్లు నేనే చూపిస్త సార్‌కి."

"అప్పుడు ఆయన నా గురించి ఏమనుకుంటాడు?"

"నువ్వు అప్పుడు ఈడ ఉండవు కదా."

ఇందులో తప్పు ఎక్కడుందో దేవిక వెతికింది. అన్నీ సరిపోతున్నాయి. అందరికీ కావలసింది అందుతుంది. "సరే" అంది. అన్నం ఎప్పట్లాగే తింది, రుచి మాత్రం తెలియలేదు. ఆ సాయంత్రం బస్సు దిగి, బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి వచ్చే ఆటో దగ్గర లేత బీరకాయలు ఏరి కొంది. తొక్కలు గిన్నెలో వేసి అత్తగారి ముందు పెట్టింది. రాజులమ్మ పచ్చడి చేసింది. ఎలా ఉందని అడిగితే బాగుందని చెప్పింది.

గురువారం పొద్దున్న హరికిషన్ సలోమిని లోపలికి పిలిచాడు. తలుపు వేసుకోలేదు, అతనికి ఆ అలవాటు లేదు.

"ట్రస్టు చైర్మన్ సాబ్ ఊకుంటలేడు. వాళ్ళ తమ్ముడి స్కూల్ సైట్ సుత మనదే. ఆ పేజీ చూసిన మనిషి ఇంకా ఉందా అని అడుగుతుండు. నేను మంచిగనే చెప్తున్న, నీ మీద నాకు కోపం లేదు. సోమవారం నుంచి రాకు. దేవిక జాగల వేరే పిల్లను చూసిన. శనివారం నుంచే షురూ చేస్తదట."

శనివారం నుంచి. ఆ మాట రెండో గదిలో దేవికకి స్పష్టంగా వినబడింది. అంటే సలోమి తన సెలవు తేదీలు చూపించేసరికి ఆ కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుని ఉంటుంది.

సలోమి బయటికొచ్చి తన కుర్చీలో కూర్చుంది. దేవిక వైపు చూడలేదు. ఒక స్కూలు ఫీజుల పేజీ తెరిచి, ఆగిన చోట మొదలుపెట్టింది. సెలవు తేదీలు ఇప్పుడే ఎందుకు చూపించలేదు? దేవిక కోసమే. ఒక్కరోజు కోసం.

"దేవికా, నువ్వు ఆ పేజీ పీకెయ్యి ఇయ్యాల" అన్నాడు హరికిషన్ గుమ్మంలోంచి. "నిశాని లేకుండ. అసల ఉండెనని ఎవ్వరికి తెల్వొద్దు."

పేజీని దించడం అంటే ఒక మీట నొక్కడం కాదని మిగతావాళ్ళకి తెలియదు. ముందు దానికి దారితీసే లింకులన్నీ వెతకాలి. ఈ పేజీకి పదకొండు చోట్ల నుంచి దారులున్నాయి. మొదటి పేజీ నుంచి, పాత క్యాంపు ఫోటోల నుంచి, దాతల పేజీ నుంచి. లేకపోతే ఎవరో ఎక్కడో నొక్కి, 'పేజీ లేదు' అన్న ఖాళీ తెర ముందు కూర్చుంటారు. దేవిక ఒక్కొక్కటీ తీస్తూ వచ్చింది. ఫోటోల్లో చెవి వెనక మిషన్లు పెట్టుకున్న పిల్లలున్నారు. అవి రెండువేల రెండు నాటివి.

పేజీ దించే ముందు దాని పట్టికల నకలు ఒకటి దాచడం ఆమె పద్ధతి. జూన్ పట్టిక దాచింది. దానికి ముందుది, మార్చిది తెరిచింది. డెబ్బైనాలుగో వరస పసుపు రంగులో ఉంది. పక్క గడిలో సలోమి రాసిన వాక్యం.

'ఈ స్కీమ్ ఉందా లేదా అనుమానం. ట్రస్టుకు మూడుసార్లు ఫోన్ చేశాను, సరిగా చెప్పలేదు. జూన్‌లో బొల్లారం వెళ్ళి అడగాలి. అప్పటిదాకా తేదీ మార్చొద్దు.'

దేవిక ఆ వాక్యం రెండుసార్లు చదివింది. జూన్ పట్టికలో ఆ గడి ఖాళీ. పసుపు రంగు లేదు. తను పాత కాలమ్‌లు చెరిపి, పై గడిని కిందికి లాగినప్పుడు రంగుతో సహా పోయింది.

ఇన్నాళ్ళూ తను చూడకుండా వదిలేసిన పేజీ అనుకుంది. సలోమి చూసిన పేజీ అది. చూసి, ఆపి ఉంచిన పేజీ. ఇరవైమూడు సైట్లలో, ఇంతమంది పనిచేసే చోట, ఎవరైనా నిజంగా సరిచూసిన పేజీ అదొక్కటేనేమో. దాని మీద తను తేదీ వేసింది.

లేచి ఫ్యాను తగ్గించింది. మళ్ళీ వచ్చి కూర్చుని ఎనిమిదో లింకు తీసింది, తొమ్మిదోది తీసింది.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి లోపలికి వెళ్ళేసరికి హరికిషన్ టేబుల్ మీద లెటర్ టైపు చేసి ఉంది. లెటర్‌హెడ్ మీదే. పని పట్ల అత్యంత శ్రద్ధ గల వ్యక్తి అని మూడో వాక్యం. సంతకం ఒక్కటే లేదు.

దేవిక మార్చి పట్టిక, జూన్ పట్టిక ప్రింట్లు తీసి దాని పక్కన పెట్టింది. "జూన్ రెండున సలోమి సెలవులో ఉంది సార్. మేడమ్ దగ్గర రిజిస్టరులో చూడండి. ఆ తేదీ వేసింది నేను. ఒక్క పేజీ తెరవకుండా అన్నిటికీ ఒకేసారి వేశాను. సలోమి అక్షరాలు పెట్టిందీ నేనే. వద్దని తను రాసిన గడి కూడా నా వల్లే చెరిగిపోయింది."

హరికిషన్ రెండు కాగితాలూ చూశాడు.

"ఇంకో గంట ఆగితే నేను సంతకం పెట్టేవాణ్ణి" అన్నాడు.

"తెలుసు సార్."

"ఎందుకు చెప్పినవమ్మా? నువ్వెట్లన్న పోయేదానివే. ఇప్పుడు నేనేం చెయ్యాలె?" అతని గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది. లెటర్ తీసి మూడో వాక్యం దగ్గర వేలు ఆనించాడు. "గిది చూస్కుంట ఎట్ల పెట్టాలె సంతకం?"

"పెట్టొద్దు సార్. ట్రస్టుకి నా పేరు రాయండి. సలోమిని ఉంచండి. ఆ కొత్త అమ్మాయికి ఇవాళే ఫోను చేసి రావద్దని చెప్పండి."

అతను లేచి భార్యకి ఫోను చేసి, సెలవుల రిజిస్టరు తీసి చూడమన్నాడు. ఫోను పట్టుకుని వింటూ తల ఊపాడు. పెట్టేశాక లెటర్‌ని చింపలేదు, నలపలేదు. ప్రింటర్ పక్కన వెనక్కి తిప్పి పెట్టాడు, చిత్తుకాగితాల దొంతరలో. "సలోమిని లోపలికి పంపు" అన్నాడు.

ఆ సాయంత్రం దాకా దేవికకి ఒక పని మిగిలి ఉంది. దించిన పేజీ ఉన్న చోట ఖాళీ తెర రాకుండా నాలుగు వాక్యాలు పెట్టింది. 'ఈ ఉచిత సేవ 2003 మార్చిలో ఆగిపోయింది. 2 జూన్ 2006 తేదీతో ఇక్కడ కనిపించిన సమాచారం సరిచూడకుండా ఉంచినది. దానిని నమ్మి వచ్చినవారిని క్షమించమని కోరుతున్నాం. దయచేసి దీనికోసం బొల్లారం రాకండి.' ఇంగ్లీషులో రాసి, కింద తెలుగులోనూ రాసింది. హరికిషన్ చదివి, "నిశాని లేకుండ అంటే ఇన్ని నిశానీలా" అని, మళ్ళీ ఒకసారి చదివి, "పెట్టు" అన్నాడు.

బొల్లారం వద్దంటే మరెక్కడికి వెళ్ళాలి? ఐదో వాక్యం ఉండాలి. కోఠీలో చెవి, ముక్కు, గొంతు సర్కారు ఆసుపత్రికి ఫోను చేసింది. నాలుగోసారికి ఎవరో ఎత్తి, పిల్లని తీసుకుని సోమవారం పొద్దున్న రండి, రేషన్ కార్డు తెండి, చూస్తాం అన్నారు. మెదక్ కిరాణా షాపుకి ఫోను చేసింది. పర్వతాలుని పిలుచుకొచ్చేదాకా రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఆయన వచ్చి విన్నాడు. "గిదన్న ఖాయమేనా అమ్మా?" అన్నాడు. ఆమె ఖాయమని అనలేదు. తనూ వస్తానంది.

మధ్యాహ్నమే లోపల మాట్లాడి వచ్చిన సలోమి ఇప్పుడు తన కుర్చీలోంచి లేచి దేవిక వెనక నిలబడింది.

"సార్ నన్ను ఉండమన్నడు."

"మంచిది."

"ఏం మంచిది?" సలోమి గొంతు తగ్గించింది. "నన్ను అడగకుండ నా పేరు పెట్టినవ్. ఇప్పుడు సుత నన్ను అడగకుండ తీసేసినవ్. నాలుగు రోజులు నేను నోరు మూసుకున్నది దేనికక్కా? నీ లెటర్ కోసమే కదా."

దేవిక తిరిగి చూసింది. సలోమి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏదో అనాలి. మార్చిలో రాసిన వాక్యం చూశానని చెప్పాలనుకుంది. చెబితే, అది చూసే ఒప్పుకున్నానని తన మంచితనం చెప్పుకున్నట్టే అవుతుందని మానుకుంది.

"ఈ పేజీ నీదే ఇక. కింద ఇంకో వాక్యం కావాలి, కోఠీలో చూస్తారని. పెడతావా?"

సలోమి తెర మీది నాలుగు వాక్యాలూ చదివింది. "నువ్వు పోయి చూసొచ్చి చెప్తే పెడ్త. ఫోన్ల అన్నరని పెట్టను."

"అలాగే" అంది దేవిక.

శనివారం రాజులమ్మకి ఒంటిపూట. రాత్రి టిఫిన్ తప్ప అన్నం ముట్టదు కాబట్టి మధ్యాహ్నం భోజనం నిండుగా ఉండాలి. ముద్దపప్పు, వంకాయ ఉల్లికారం, చారు, ఊరమిరపకాయలు. ముగ్గురూ కింద చాప మీద కూర్చున్నారు. సూరి ఉదయం నుంచీ అడగడానికి చూస్తున్నాడు. ముందు రోజు రాగానే దేవిక తలనొప్పి అని పడుకుంది. పొద్దున్నే లేచి బట్టలు నానబెట్టుకుంది.

"లెటర్ ఏదీ? జిరాక్సులు తీయించుకొస్తాను" అన్నాడు, పప్పులో నెయ్యి వేసుకుంటూ.

"ఇవ్వలేదు."

"ఇవ్వకపోవడం ఏమిటి? శుక్రవారం అన్నాడుగా. నేను మాట్లాడనా?"

"వద్దు. పనిలో నేనొక తప్పు చేశాను. అది ఇంకొకరి పేరు మీద పెట్టాను. ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంటే నాలుగు రోజులు చూస్తూ ఊరుకున్నాను. నిన్న చెప్పేశాను. ఇక ఆ లెటర్ రాదు. హైటెక్ సిటీవాళ్ళకి నేను చేరడం లేదని పొద్దున్న ఫోను చేసి చెప్పాను."

సూరి చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది. "నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?"

"అడిగితే మీరు వద్దనేవారు. నేను ఆగిపోయేదాన్ని."

రాజులమ్మ కొడుకు వైపు చూసింది, కోడలి వైపు చూసింది. ఊరమిరపకాయ తుంచి, తినకుండా పళ్ళెం అంచున పెట్టింది.

"ఊరందరికీ సెప్పీసినాను. ఇప్పుడేటని సెప్పమంటావు?"

"జరిగిందే చెప్పండత్తయ్యా. చూడకుండా చూశానని రాసింది, అందుకని పని పోయిందని."

"అలాగ సెప్తారేటే ఎవులైనా?"

దేవిక ఆవిడ పళ్ళెంలో చారు పోసింది. సూరికి పోసింది. అతను వద్దనలేదు, కలపనూ లేదు.

"మరి సోమవారం నుంచి ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు?" అన్నాడు.

"మంగళవారం నుంచి సంగతి తెలియదు. సోమవారం మాత్రం ఇంట్లో ఉండను. మెదక్ నుంచి ఒకాయన కూతుర్ని తీసుకుని జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగుతాడు. వాళ్ళతో కోఠీ ఆసుపత్రికి వెళ్ళి, ఆ పిల్లకి చెవులు నిజంగా చూస్తారో లేదో చివరిదాకా ఉండి చూసి వస్తాను. ఆలస్యం కావచ్చు. మధ్యాహ్నానికి మీరే వండుకోండి."